పైవాడు లేకపోతే తప్పు తప్పు కాకుండా పోతుందా? తరచుగా అడిగే ప్రశ్నలు

మా ఊరు కోనసీమలో, గౌతమికీ వైనతేయకీ మధ్య. ఆదివారం సాయంత్రం లైబ్రరీ వరండాలో పది మందిమి కూర్చుంటాం. రిటైరైన మాస్టార్లు ఇద్దరు ముగ్గురు, డిగ్రీ చదివే కుర్రాళ్లు, ఒక పాస్టరు గారు, రొయ్యల చెరువులున్న మా బావ. ఏ విషయంతో మొదలెట్టినా మాట చివరికి ఇక్కడికే వస్తోంది: పైన ఒక అధికారి లేకుండా నీతి అనేది నిజంగా ఉంటుందా, లేక అంతా మనం అనుకోవడమేనా? అడిగినవే మళ్లీ మళ్లీ అడుగుతున్నారు కాబట్టి ఓపిగ్గా రాసి పెడుతున్నాను. వరసగా చదవక్కర్లేదు. నేను మధ్యస్థుణ్ని కూడా కాను, ఆ సంగతి చదువుతుంటే మీకే తెలిసిపోతుంది.

ఎవరి ఇష్టంతోనూ నిమిత్తం లేని నీతి అంటే ఏమిటండీ?

వరి చేను పక్కన ఒకాయన రొయ్యల చెరువు తవ్వాడు. కాగితాలన్నీ పక్కాగా ఉన్నాయి. రెండేళ్లు తిరిగేసరికి ఉప్పు ఊట పక్క చేలోకి దిగి నేల చవుడు తేలింది. "అనుమతులన్నీ ఉన్నాయి కదండీ" అంటాడు చెరువు ఆయన. "ఉంటే మాత్రం, ఇది న్యాయమా?" అంటాడు చేను ఆయన.

ఆ "న్యాయమా" అన్న మాట దగ్గర కాస్త ఆగండి. అతను "నాకు నచ్చలేదు" అనడం లేదు. "రూలు ఒప్పుకోదు" అనడమూ లేదు, రూలు ఒప్పుకుంది కాబట్టే చెరువు వచ్చింది. ఆఫీసు సంతకం పెట్టినా, ఊరంతా సరే అన్నా, చెరువు ఆయన రాత్రి హాయిగా గుర్రుపెట్టి నిద్రపోయినా ఇది తప్పే అంటున్నాడు. అలా ఎవరి ఒప్పుదలతోనూ పని లేకుండా నిలబడే తప్పొప్పుల్నే నిష్పాక్షిక నీతి అంటున్నాను.

పైఅధికారం అనగానే అందరికీ దేవుడే గుర్తొస్తాడు. కానీ ఆ కుర్చీలో శాస్త్రం, రాజ్యం, కులపెద్ద, కన్నతండ్రి కూడా వంతులవారీగా కూర్చుంటూ ఉంటారు. కాబట్టి ఇది ఆస్తికులకీ నాస్తికులకీ మధ్య తగువు మాత్రమే కాదు.

ఊరికో ఆచారం ఉంది కదా, ఇంక నిష్పాక్షికం ఏమిటి?

పూర్వం ధాన్యం కుంచాలతో, మానికలతో కొలిచేవారు. ఒక ఊరి కుంచం పక్క ఊరి కుంచంతో సరిపోయేది కాదు. ఇప్పుడు 75 కిలోల బస్తా అంటున్నాం. ఆ కిలో కూడా మనుషులు కూర్చుని నిర్ణయించిందే. 2019 మే 20 వరకు పారిస్ దగ్గర దాచిన ఒక లోహపు దిమ్మె ఎంత బరువుంటే అంతే కిలో. ఆ తరవాత భౌతికశాస్త్రంలోని ప్లాంక్ స్థిరాంకాన్ని ఆధారం చేసుకున్నారు. కొలమానం ఏదైనా ఎవరో ఒకరు తీర్మానించాల్సిందే. కానీ కళ్లంలో ఉన్న రాశిని తీర్మానాలు ముట్టుకోలేవు. కుంచం మార్చినంత మాత్రాన గింజ పెరగదు, తరగదు.

ఆచారాలు చాలావరకు కుంచాల్లాంటివి. పెద్దవాళ్లని మన దగ్గర పేరు పెట్టి పిలవం. అదే మర్యాదని ఇంకోచోట ఇంకోలా చూపిస్తారు. గౌరవం అనే రాశి ఒకటే, కొలత వేరు. అయితే ప్రతి ఆచారమూ అమాయకపు కుంచం కాదండోయ్. అంటరానితనాన్ని కూడా "మా ఆచారం" అనే అన్నారు. అది కొలతలో తేడా కాదు, అడుగున మైనం పెట్టిన దొంగ కుంచం. దొంగ కుంచం అని గుర్తుపట్టగలిగామంటే అసలు బరువు ఒకటి ఉందని ఒప్పుకున్నట్టే.

చట్టం ఉందంటే చేసినవాడు ఉండాలి. నీతి కూడా చట్టమేగా?

అన్నిటికంటే ఎక్కువసార్లు వినే ప్రశ్న ఇదే. చట్టం అన్న మాట వాడాక శాసనకర్త కూడా వెంటే వచ్చేస్తాడు. కానీ మనకి ధర్మం అనే ఇంకో మాట ఉంది. కాల్చడం నిప్పు ధర్మం, పల్లానికి పారడం నీటి ధర్మం అంటాం. దాన్ని ఎవరు జారీ చేశారని ఎవరమూ అడగం.

ధవళేశ్వరమే చూడండి. కాటన్ దొర 1847లో మొదలుపెట్టి 1852కల్లా ఆనకట్ట పూర్తి చేయించాడు. ఇప్పుడున్న బ్యారేజీకి 175 గేట్లు. ఏ గేటు ఎప్పుడు ఎత్తాలి, కాలువకి ఎంత వదలాలి, ఎవరికి వంతు ఎప్పుడు అన్నవన్నీ అధికారుల చేతిలో పనులే. ఎటు పల్లమో, ఎటు మెరకో మాత్రం వాళ్ల చేతిలో లేదు. ఆ సంగతి ముందు ఒప్పుకున్నాడు కాబట్టే కాటన్ కట్టిన కట్ట పనికొచ్చింది.

మాస్టారు ఒకాయన ఇక్కడ నన్ను పట్టుకున్నారు: "నీరు పల్లానికి పారి తీరుతుంది. మనిషి న్యాయంగా ఉండి తీరడే! నీటికి తప్పే వీలు లేదు, మనిషికి ఉంది. పోలిక ఎలా కుదురుతుంది?" నిజమే, పూర్తిగా కుదరదు. నేను చూపించదలచుకున్నది ఒక్క ముక్కే. ఒక సంగతి నిజం కావడానికి, ఎవరో ఒకరు దాన్ని ఆజ్ఞాపించి ఉండాలన్న నియమం లేదు. ఏడూ అయిదూ పన్నెండు అవుతుందని ఏ జీవో వచ్చింది? నీతి కూడా అలాంటి నిజమే అని దీంతో రుజువైపోలేదు. కాకూడదని చెప్పడానికి మాత్రం "చట్టం" అన్న మాట ఒక్కటీ చాలదు.

దేవుడు చెప్పాడు కాబట్టి మంచా, మంచి కాబట్టి దేవుడు చెప్పాడా?

ఇక్కడ తొందరపడకూడదు. మొత్తం గొడవకి ఇదే మూలం.

ప్రశ్న పాతది. క్రీస్తుపూర్వం 399లో సోక్రటీసు ఏథెన్సులో తన మీద పడ్డ కేసు కోసం కోర్టు దగ్గరికి వెళ్తే అక్కడ యూథిఫ్రో అనే ఆయన కనబడ్డాడని ప్లేటో రాశాడు. ఆయన వచ్చిన పని ఏమిటంటే, సొంత తండ్రి మీద కేసు పెట్టడం. ఒక కూలివాడు తాగిన కోపంలో ఇంటి బానిసని చంపాడు. తండ్రి ఆ కూలివాణ్ని కట్టేసి గోతిలో పడేయించి, ఏం చెయ్యాలో అడిగి రమ్మని మనిషిని పంపాడు. కబురు వచ్చేలోగా కూలివాడు చచ్చిపోయాడు. తండ్రి మీద కేసు పెట్టడం దేవతలకి ఇష్టమైన పనే అంటాడు యూథిఫ్రో. దానికి సోక్రటీసు, దేవతలు ఇష్టపడ్డారు కాబట్టి అది పుణ్యమైందా, పుణ్యం కాబట్టి దేవతలు ఇష్టపడుతున్నారా అని అడిగాడు.

మొదటిది ఒప్పుకుంటే, రేపు దేవుడు పసిపిల్లల్ని హింసించమంటే అదీ మంచే అవ్వాలి. "ఆయన అలా అనడు" అంటారా? ఎందుకు అనడు? అది చెడ్డది కాబట్టి. అంటే చెడు అనేది ఆయన ఆజ్ఞకి ముందే ఉంది. రెండోది ఒప్పుకుంటే దేవుడు మంచిని గుర్తించి మనకి చెబుతున్నాడు, పుట్టించడం లేదు.

గ్రీకుల దాకా ఎందుకు, మన పరశురాముడి కథే ఉంది. జమదగ్ని కోపంతో తల్లి రేణుక తల నరకమని కొడుకులకి చెప్పాడు. పెద్దవాళ్లు నలుగురూ చెయ్యలేక శాపం తిన్నారు. పరశురాముడు నరికాడు. తండ్రి సంతోషించి వరం కోరుకోమన్నాడు. మనం పితృవాక్య పరిపాలన దగ్గరే కథ ఆపేస్తాం గానీ, అతను కోరిన వరాలు వినండి. అమ్మ బతకాలి. తనని చంపిన సంగతి ఆమెకి గుర్తుండకూడదు. ఆ పాపం తనకి అంటకూడదు. అన్నల శాపం పోవాలి. ఆజ్ఞ పాటించడమే ధర్మమైతే అంటకుండా పోవాల్సిన పాపం ఎక్కడిది? గొడ్డలి ఎత్తినవాడికే తెలుసు, నాన్న చెప్పినంత మాత్రాన తప్పు ఒప్పయిపోలేదని. అధికారం పనిని చేయించింది గానీ, దాని రంగు మార్చలేకపోయింది.

దీనికి జోడుగా భారతం శాంతిపర్వంలో చిరకారి కథ ఉంది. గౌతముడు భార్య మీద కోపంతో తల్లిని చంపమని కొడుక్కి చెప్పి అడవికి పోయాడు. చిరకారి పేరుకి తగ్గవాడు, ఏ పనికైనా నిదానమే. తండ్రి మాట ఎంత, తల్లి ఎంత అని ఆలోచిస్తూనే ఉన్నాడు. ఈలోగా తండ్రికి కోపం దిగి, ఘోరం జరిగిపోయి ఉంటుందని ఏడుస్తూ వచ్చాడు. తల్లి బతికే ఉంది. ఆలస్యం చేసినందుకు కొడుకుని కౌగిలించుకుని మెచ్చుకున్నాడు. ఆజ్ఞ ఇచ్చిన నోరే, ఆజ్ఞ పాటించనందుకు దీవించింది! ఏ కొలతతో? ఆయన ఆజ్ఞతో అయితే కాదు కదా.

ఈ కథ చెప్పిన రోజు మా వరండాలో ఒక కుర్రాడు "అయితే చిరకారి లాగా ప్రతి ఆర్డరూ పెండింగ్‌లో పెట్టేవాళ్లు మన ఆఫీసుల్లో బోలెడుమంది ఉన్నారండీ" అన్నాడు. అది వేరే కథ.

ఆజ్ఞ కాదు, దేవుడి స్వభావమే మంచితనం అంటే?

పాస్టరు గారి సమాధానం ఇదే, మామూలు ఆజ్ఞల వాదం కంటే చాలా గట్టిది. దేవుడు మంచిని కనిపెట్టడూ, కల్పించడూ. ఆయనే మంచి. ఆజ్ఞలు ఆ స్వభావంలోంచి వస్తాయి కాబట్టి క్రూరమైన ఆజ్ఞ రానే రాదు.

నాకు మిగిలే సందేహం ఒకటే. దయ ఆయన స్వభావంలో ఉంది కాబట్టి మంచిదా, దయ మంచిది కాబట్టి దయ గల స్వభావాన్ని మంచిదంటున్నామా? ప్రశ్న ఒక మెట్టు పైకి జరిగిందే తప్ప పోలేదనిపిస్తుంది. పాస్టరు గారు "ఎక్కడో ఒకచోట ఆగాలి కదండీ, నేను దేవుడి దగ్గర ఆగుతాను, మీరు దయ దగ్గర ఆగుతున్నారు" అన్నారు. అది న్యాయమైన మాట.

మన సంప్రదాయం మొత్తం దేవుడి మీదే ధర్మాన్ని నిలబెట్టింది కదా?

కోనసీమలో వేదం చదువుకున్న ఇళ్లలోనే ఈ మాట వింటే నాకు కొంచెం నవ్వొస్తుంది. ఎందుకంటే వేదకర్మల గురించి అందరికంటే లోతుగా వాదించిన పూర్వమీమాంసకులకి సృష్టికర్త అక్కర్లేదు. వాళ్ల లెక్కలో వేదాన్ని ఎవరూ రాయలేదు, దేవుడు కూడా. అది అపౌరుషేయం. చేసిన కర్మకీ రాబోయే ఫలానికీ మధ్య "అపూర్వం" అనే కనబడని శక్తి ఉంటుంది, పంచిపెట్టడానికి పైన ఎవరూ కూర్చోనక్కర్లేదు. కుమారిల భట్టు ఈశ్వరవాదాన్ని గట్టిగానే ఖండించాడు. నిజమే, వాళ్లకీ ఒక పైఅధికారం ఉంది, వేదం. కానీ అది వ్యక్తి కాదు, ఎవరి ఇష్టమూ కాదు.

నైయాయికులు, అంటే న్యాయశాస్త్రం అనే తర్కశాఖ వాళ్లు, దీన్ని ఒప్పుకోలేదు. అదృష్టం (కంటికి కనబడకుండా మిగిలే పుణ్యపాపాలకి వాళ్లు పెట్టిన పేరు) జడమైనది, జడం దానంతట అది ఫలం ఇవ్వలేదు, కాబట్టి నడిపించే ఈశ్వరుడు కావాలని ఉదయనుడు వాదించాడు. ఇక బౌద్ధులు సృష్టికర్తా లేడు, వేదమూ ప్రమాణం కాదు, అయినా చెడ్డ చేతకి చెడ్డ ఫలం తప్పదన్నారు. మామిడికుదురు దగ్గర ఆదుర్రులో వాళ్ల స్తూపం అవశేషాలు ఇప్పటికీ ఉన్నాయి. అంటే ఈ ప్రశ్న మనకి దిగుమతి సరుకు కాదు, మన గడ్డ మీదే తేలకుండా ఉండిపోయిన పాత తగువు.

అంటే అధికారం వల్ల ఏ విధీ పుట్టదంటారా?

అలా అనను. అన్నవరం సత్యనారాయణస్వామి వ్రతకథ మన వైపు నోటికి రానివాళ్లు ఎవరు? అందులో రెండు రకాల తప్పులున్నాయి. షావుకారు వ్రతం చేస్తానని మొక్కి ఎగ్గొట్టాడు. అతని కూతురు ప్రసాదం పుచ్చుకోకుండా మొగుణ్ని చూడ్డానికి పరిగెత్తింది. ఇవి ఆ మొక్కు, ఆ వ్రతం ఉన్నాయి కాబట్టి తప్పులయ్యాయి. వ్రతమే లేకపోతే మొగుడి కోసం పరిగెత్తడం తప్పెలా అవుతుంది, ముద్దొచ్చే పనే గానీ! కానీ సన్యాసి వచ్చి పడవలో ఏముందని అడిగితే షావుకారు ఆకులూ అలములూ అని బొంకాడు చూడండి, అది వేరు. ఆ సన్యాసి స్వామి కాకుండా మామూలు ముష్టివాడైనా అది అబద్ధమే.

ఎడమ పక్కన బండి నడపాలి, ఇన్నో తారీఖులోగా నీటితీరువా కట్టాలి, శనివారం ఉపవాసం. వీటిని అధికారం పుట్టించగలదు. వంచననీ క్రూరత్వాన్నీ మాత్రం అది పుట్టించలేదు, రద్దూ చెయ్యలేదు. మా వరండాలో సగం వాదన ఈ రెండింటినీ కలిపేయడం వల్లే వస్తుంది.

భయం లేకపోతే మనిషి మాట వింటాడా?

చాలామంది వినరు. కాలువ ఎగువన ఉన్నవాడు రాత్రిపూట తూము ఎత్తేస్తే శివారు చేలు ఎండుతాయి, కాలువ కాపలా చూసే లస్కరు నిద్రపోతే అయిందే. కానీ ఇది వేరే ప్రశ్న. తప్పు చెయ్యకుండా ఆపేది ఏమిటన్నది ఒకటి, తప్పుని తప్పు చేసేది ఏమిటన్నది ఇంకొకటి. లస్కరు వచ్చాక నీళ్ల దొంగతనం తగ్గుతుంది. లస్కరు రాకముందు కూడా అది దొంగతనమే.

పైగా భయమొక్కటే కారణం కాదు. మా బావ తన చెరువుకీ పక్క చేనుకీ మధ్య ఊట లాగడానికి బోదె తవ్వించాడు. నా ఉపన్యాసాల వల్లే అనుకుని పొంగిపోయాను. "నీ మొహం, రోజూ పొద్దున్నే ఆయన మొహం చూడలేక" అన్నాడు.

శాస్త్రం ప్రమాణంగా లేకపోతే ఎవడికి తోచింది వాడు అంటాడు కదా?

శాస్త్రం ఉన్నా అదే అన్నారు. 1881 డిసెంబరు 11న రాజమండ్రిలో వీరేశలింగం గారు మొదటి వితంతు వివాహం జరిపించారు. అప్పటికి ఆ పెళ్లిళ్లు చెల్లుతాయని చట్టం వచ్చి పాతికేళ్లయింది, 1856 నాటిది. ఇటు పండితులు శాస్త్రం తీశారు, అటు పండితులూ శాస్త్రమే తీశారు. ఏ శ్లోకాన్ని ముందు పెట్టుకోవాలో శ్లోకం చెప్పదు. తలగొరిగి మూల కూర్చోబెట్టిన పదేళ్ల పిల్లని చూసినవాళ్లకి ఒక శ్లోకం కనబడింది, చూడనివాళ్లకి ఇంకొకటి. ఆయన దైవభక్తుడు, బ్రహ్మసమాజికుడు, శాస్త్రాన్నే ఆధారం చేసుకుని వాదించారు కూడా. నాకు మాత్రం ఆ పిల్ల కష్టమే అసలు ప్రమాణంగా కనిపిస్తుంది.

నాస్తికుల్లో మంచివాళ్లున్నారు కదా, ఇంకేం రుజువు కావాలి?

కాకినాడ పి.ఆర్. కాలేజీ ఈ విషయంలో చిత్రమైన చోటు. రఘుపతి వెంకటరత్నం నాయుడు గారు అక్కడ ప్రిన్సిపాల్‌గా ఉన్నారు. పరమ ఆస్తికుడు, అనాథల్ని చేరదీశారు, భోగం మేళాలకి వ్యతిరేకంగా పోరాడారు. అదే కాలేజీలో తరవాత లెక్చరర్‌గా చేరిన గోరా (గోపరాజు రామచంద్రరావు) గారికి నాస్తికుడన్న కారణంగా 1933లో ఉద్యోగం పోయింది. ఆయన 1940లో కృష్ణా జిల్లా ముదునూరులో నాస్తిక కేంద్రం పెట్టి, కులం మీదా అంటరానితనం మీదా జీవితమంతా పోరాడారు. గాంధీగారితో కూర్చుని వాదించారు కూడా.

ఇద్దరూ గొప్పవాళ్లే. అయితే దీనివల్ల తేలేది మనం అనుకున్నంత లేదు. దేవుణ్ని నమ్మకపోయినా మంచిగా ఉండొచ్చని తేలింది, అంతే. "నమ్మకపోయినా ఆ మంచి దేవుడి నుంచే వచ్చింది, సూర్యుణ్ని ఒప్పుకోనివాడికీ ఎండ తగులుతుంది" అని పాస్టరు గారు అంటే గోరా గారి జీవితం చూపించి కాదనలేం.

నీతి అంతా పరిణామంలో వచ్చిన అలవాటేనని సైన్సు చెబుతోందిగా?

మనకి జాలి ఎలా వచ్చిందో పరిణామం చెప్పగలదు. జాలి చూపించడం సరైనదా కాదా అన్నది వేరే సంగతి. లెక్కలు చేసే బుర్ర కూడా పరిణామంలో వచ్చిందే, అందుకని లెక్కలు అబద్ధం కాలేదు. దేవుడూ లేడు, నిష్పాక్షిక నీతీ లేదు అన్నవాళ్లు కూడా ఉన్నారు. 1977లో జె.ఎల్. మాకీ, అలాంటి విలువలంటూ ఉంటే అవి లోకంలో ఇంకే వస్తువుకీ పోలిక లేని వింత వస్తువులు అయ్యుండాలన్నాడు. నిజమే, వింతే. అంకెలూ వింతే.

అన్యాయం చేసి హాయిగా పోయినవాడి సంగతేమిటి? పాస్టరు గారు చివరికి ఒప్పుకున్నారా?

ఒప్పుకోలేదు. నాకు టెన్షన్ పెట్టే ప్రశ్న కూడా ఇదొక్కటే. జర్మన్ తత్వవేత్త కాంట్, నీతి తన బలం మీద తనే నిలబడుతుంది, దానికి దేవుడి ఆజ్ఞ అక్కర్లేదన్నాడు. అంత చెప్పీ, మంచితనానికి తగ్గ సుఖం దక్కాలని ఆశించాలంటే దేవుణ్ని అనుకోక తప్పదని 1788లో రాశాడు. ఇంత గట్టివాడికే అక్కడ కాలు తడబడింది.

పాస్టరు గారి వాదన ఇది. తప్పంటే బాకీ. బాకీ ఎవరికో ఒకరికి పడాలి, ఊరికే గాలికి పడదు. చెరువు ఆయన ఎవరికి బాకీ?

"పక్క రైతుకి" అన్నాను.

"ఆ రైతు పోతే?"

"పిల్లలకి."

"పిల్లలు లేకపోతే? చేను చవుడైపోయింది, మనిషి పోయాడు, అడిగే వారసుడు లేడు. అప్పుడు ఆ బాకీ తీరినట్టా, ఎగ్గొట్టినట్టా?"

ఎగ్గొట్టినట్టే అన్నాను. "ఎవరికి?" అన్నారాయన. అప్పటికి చీకటి పడింది. టీ చెప్పొస్తానని లేచాను.